మొదటి పుటలో చోటు: శోధనయంత్రపు వరుసపై ఒక విమర్శ

సికింద్రాబాదు నుండి ఉత్తరదిశగా రెండు పెద్ద మార్గములు పోవుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరు పోవు 44వ నంబరు జాతీయ రహదారి. రెండవది శామీర్‌పేట మీదుగా కరీంనగరు పోవు రాజీవ్ రహదారి. నగరము చుట్టును వేసిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఈ రెండింటిని దాటుకొని పోవును. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన ఈ భూములలో నేడు అడుగడుగునను వెంచర్ల బోర్డులు కానవచ్చును. ఎవరి బోర్డు ఎత్తుగా నున్నదో, ఎవరిది మలుపులో నున్నదో అదియే ముందుగా కంటబడును. ఇందులో మోసమేమియు లేదు. బోర్డు ఎత్తును చూచి ఆ భూమి మంచిదని ఎవరును భ్రమపడరు.

చేతిలోని ఫోనులో కనబడు బోర్డు సంగతి వేరు. ఒక ఉద్యోగి పదవీవిరమణ సొమ్ముతో స్థలము కొనదలచి "మేడ్చల్‌లో ప్లాట్లు" అని టైపు చేసెననుకొందము. కోట్లకొలది పుటలలో నుండి పది పంక్తులు ఆయన ముందు నిలుచును. రెండవ పుటకు పోవువారు అరుదు. పై పంక్తిలో నున్నది తక్కిన వానికంటె మేలైనదని ఆయన నమ్మును. యంత్రమునకు పక్షపాతముండదు గదా అనుకొనును. ఆ నమ్మకమునే సరకుగా చేసికొని ఒక వృత్తి పెరిగినది. అడిగినవారి వెబ్‌సైటును వరుసలో పైకి తెచ్చుట ఆ వృత్తివారి పని. ఆంగ్లపు పొడి అక్షరములతో దానిని "ఎస్.ఇ.ఓ." అని పిలుచుచున్నారు. వేలమంది ఒకే మాటకై పోటీపడినచో ఆ మాటకు పోటీగల కీలకపదమని పేరు. ఈ పోటీ వలన వరుసకు గల అర్థము నిలుచునా, చెడునా అనునది ఇచట విచారింపదగిన విషయము.

ముందుగా వరుస ఎట్లు పుట్టునో చూడవలెను. సెర్చ్ ఇంజన్ అనబడు శోధనయంత్రము చదివి అర్థము చేసికొనునది కాదు, తూచునది. తూచుటకు మొదటి నుండియు దానికి రెండు తక్కెడలు కలవు.

మొదటిది మాటల తక్కెడ. కేంబ్రిడ్జిలో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్ అను విదుషి 1972లో ఒక చక్కని సూత్రమును ప్రతిపాదించెను. అన్ని పుటలలోను కనబడు మాటకు విలువ తక్కువ, కొన్నిటిలోనే కనబడు మాటకు విలువ ఎక్కువ. వేయి పుటలున్నవనుకొందము. "ప్లాట్లు" అను మాట 500 పుటలలో నున్నచో, వేయిని 500 చేత భాగింపగా 2 వచ్చును. 10 ఆధారముగా దాని సంవర్గమానము 0.301. "అంతాయిపల్లి" అను ఊరిపేరు 2 పుటలలోనే యున్నచో భాగఫలము 500, సంవర్గమానము 2.699. అనగా ఈ మాట బరువు మొదటిదానికి సుమారు తొమ్మిది రెట్లు. ఈ లెక్క మరల అవసరపడును.

రెండవది లంకెల తక్కెడ. దీని మూలము విజ్ఞానశాస్త్ర గ్రంథాలయములలో నున్నది. ఒక పరిశోధన వ్యాసమును ఎందరు ఉదాహరించిరో లెక్కించిన దాని పలుకుబడి తెలియునని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో వ్రాసెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులైన సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో ప్రచురించిన వ్యాసములో ఈ భావమునే వెబ్‌కు అన్వయించిరి. ఒక పుట మరియొక పుటకు లంకె వేసినచో అది ఒక ఓటు. అయితే అందరి ఓటును సమానము కాదు. పెద్ద విలువగల పుట వేసిన ఓటు పెద్దది. పది చోట్లకు లంకెలు వేసిన పుట ఓటు పది భాగములగును. ప్రతి పుటకు జన్మతః 0.15 విలువ లభించును. లంకెల ద్వారా వచ్చు విలువల మొత్తమును 0.85 చేత గుణించి దానికి కలుపవలెను. అప్పటికి వారి యంత్రములో నున్నవి 2 కోట్ల 40 లక్షల పుటలు. సూత్రము ఒక పంక్తిలో ఇమిడిపోవును. దాని నుండి పుట్టిన సంస్థ గూగుల్. ఇంత చిన్న సూత్రము ఇంత పెద్ద ఫలితమునిచ్చిన సందర్భములు గణితచరిత్రలో తరచుగా కనబడవు.

ఇంతవరకు ప్రశంస. ఇక దానిలోని లోపమును పదవ తరగతి విద్యార్థి కాగితముపై పట్టుకొనగలడు.

శామీర్‌పేట చెరువు నీటిని పరీక్షించి ఒక ఉపాధ్యాయుడు ఫలితములను ఒక పుటగా వెలువరించెననుకొందము. మూడు మంచి పుటలు దానిని గుర్తించి లంకెలు వేసినవి. ఒక్కొక్కదాని విలువ 1. ఒక్కొక్కటి అయిదేసి లంకెలు వేయుచున్నది. అప్పుడు ఉపాధ్యాయుని పుట విలువ 0.15కు 0.85 × 3/5, అనగా 0.51 కలుపగా 0.66. ఇక ఒక ప్లాట్ల వ్యాపారి నూరు ఉత్త పుటలను పుట్టించెను. వానిని చదివినవాడు లేడు, ఎవరును లంకె వేయలేదు. అయినను ఒక్కొక్కదానికి జన్మవిలువ 0.15 కలదు. ఒక్కొక్కటి తన ఒకే లంకెను వ్యాపారి పుటకు వేసినది. అతని పుట విలువ 0.15 + 0.85 × 100 × 0.15 = 12.90. వ్యాపారి మరికొంత తెలివి చూపి తన పుట నుండి ఆ నూరింటికి తిరుగు లంకెలు వేసినచో ఆ విలువ సుమారు 46.5 వరకు పోవును. ఒక చిన్న సమీకరణముతో దీనిని సరిచూడవచ్చును. చెరువు నీటిని పరీక్షించినవానికి 0.66, ఏమియు చేయనివానికి 46.5!

బ్రిన్, పేజ్‌లకు ఈ ప్రమాదము తెలియదనుట అన్యాయము. శాస్త్రవ్యాసములకు పరీక్షకులుందురు, ముద్రణకు ఖర్చగును. వెబ్ పుటలకు ఆ రెండును లేవు, చిన్న ప్రోగ్రాముతో ఎన్నింటినైనను పుట్టింపవచ్చునని వారి బృందమే వ్రాసినది. తెలిసియు పుట్టిన ప్రతి పుటకు ఉచితముగా కొంత విలువనిచ్చుట ఈ సూత్రపు బలహీనత. గార్ఫీల్డ్ కొలబద్ద పనిచేసినది, ఏలన ఉదాహరణ వేయుటకు ముందు ఒకరు వ్యాసమును వ్రాసి ఒప్పించి ప్రచురింపవలెను. ఓటు వెనుక శ్రమ యున్నది. శ్రమ లేని ఓటును లెక్కించిన తక్కెడ ఎవరి పక్షమున మొగ్గునో వేరుగా చెప్పనక్కరలేదు.

చార్లెస్ గుడ్‌హార్ట్ అను ఆర్థికవేత్త 1975లో ద్రవ్యవిధానమును గూర్చి చెప్పిన మాట ఇచట చక్కగా సరిపోవును. ఒక కొలతను అదుపునకు సాధనముగా వాడగానే ఆ కొలత పూర్వపు నిలకడను కోల్పోవునని ఆయన గమనించెను. ఉష్ణమాపకమును నోటిలో నుంచుకొనుటకు ముందు వేడి కాఫీ త్రాగిన పిల్లవాని కథ ఉపాధ్యాయులకు తెలిసినదే. బడి ఎగవేయుటకు అతనికి జ్వరముతో పనిలేదు, అంకెతోనే పని.

తరువాతి చరిత్ర అంతయు కాఫీ త్రాగువారికిని, ఉష్ణమాపకమును దిద్దువారికిని నడచిన పోరు. వ్యాఖ్యలలో చొప్పించిన లంకెలు లెక్కకు రాకుండ 2005 జనవరిలో ఒక గుర్తును ప్రవేశపెట్టిరి. 2006 ఫిబ్రవరిలో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. కార్ల సంస్థ వెబ్‌సైటును గూగుల్ కొద్దిదినములు తన జాబితా నుండి తొలగించెను. "వాడిన కారు" అను మాటను పలుమార్లు కూర్చిన పుటలను యంత్రమునకు చూపి, మనుష్యులకు వేరు పుటలను చూపుట అందులకు కారణము. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జె.సి. పెన్నీ దుకాణమునకు సంబంధము లేని వేలకొలది పుటలనుండి లంకెలున్నవని 'న్యూయార్క్ టైమ్స్' వెల్లడించెను. పిమ్మట ఆ దుకాణపు స్థానము దిగజారినది. 2012 ఏప్రిల్‌లో కృత్రిమమైన లంకెలను శిక్షించు "పెంగ్విన్" అను మార్పు వచ్చినది. ఈనాటి వరుసలో లంకెలు ఒక అంశము మాత్రమే. అమెరికా న్యాయస్థానములో 2023లో జరిగిన విచారణ వలన, గత 13 మాసములలో ప్రజలు ఏ పంక్తిపై నొక్కిరో అదియు లెక్కలోనికి వచ్చునని తెలిసినది. కావున నూరు ఉత్త పుటల ఉపాయము నేడు యథాతథముగా పారదు. కాని కొలతను వెంబడించు బుద్ధి చావలేదు. అది లంకెల నుండి మాటలలోనికి వలసపోయినది.

మేడ్చల్, శామీర్‌పేటల పేర్లు మోయుచున్న పుటలలో ఈ వలసను చక్కగా చూడవచ్చును. వృత్తివారి సలహా ఇది: కీలకపదమును శీర్షికలో నుంచుము, మొదటి పేరాలో నుంచుము, ఉపశీర్షికలలో నుంచుము, ఊరికొక పుటను వేయుము. అందుచేత "మేడ్చల్‌లో ప్లాట్లు", "శామీర్‌పేటలో ప్లాట్లు", "తుర్కపల్లిలో ప్లాట్లు", "కండ్లకోయలో ప్లాట్లు" అని ఒకే పుట నాలుగు పేర్లతో అవతరించును. ఊరిపేరును చేతితో మూసి చదివినచో ఇది ఏ ఊరని ఎవరును చెప్పలేరు. ఔటర్ రింగు రోడ్డుకు కొద్ది నిముషములు, జీనోమ్ వ్యాలీకి కొద్ది నిముషములు, ధర పెరుగుట తథ్యము: ఇవియే మాటలు. నిముషములన్నియు ఏ వాహనములో, ఏ వేళ లెక్కించినవో తెలియదు. సాయంకాలము సుచిత్ర కూడలిని దాటినవారు వానిని చదివి నవ్వుకొందురు. నీరు ఎంత లోతున నున్నది, లేఅవుటుకు హెచ్.ఎం.డి.ఏ. అనుమతి ఉన్నదా, సర్వే నంబరేమి, వానకాలములో నీరు ఎటు పారును అను కొనువాని అసలు ప్రశ్నలకు ఆ పుటలలో స్థలము చిక్కదు. ఇట్టి నకలు పుటలను "ద్వారపుటలు" అని పిలిచి వాని స్థానమును తగ్గింతుమని గూగుల్ 2015 మార్చిలో ప్రకటించెను. 2024 మార్చిలో యంత్రములచే గుట్టలుగా వ్రాయించిన పుటలపైనను నియమము చేసెను. నియమములున్నవి, పుటలును ఉన్నవి.

విమర్శింపదగినది పైకి రావలెనను కోరిక కాదు. "ప్లాట్లు" అను మాట 500 పుటలలో నున్నప్పుడు 501వ పుట వేసి దానికొరకే పెనగులాడుట లెక్కతెలిసినవాని పని కాదు. పై సంవర్గమానపు లెక్క చెప్పునది ఇదియే: పోటీ హెచ్చినకొలది ఆ మాట బరువు తగ్గును, ఖర్చు పెరుగును. బరువు గల మాటలు ఆ ప్రాంతపు వివరములలో నున్నవి. అంతాయిపల్లి వద్ద 2022లో ప్రారంభించిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కలెక్టరు కార్యాలయమునకు ఏ బస్సులో పోవలెను, శామీర్‌పేట చెరువు పూర్తి నీటిమట్టపు హద్దు ఎచటివరకు, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో ఏ గడి ఏమి చెప్పును అనువానిని సరియైన తెలుగులో వ్రాసినవానికి పోటీదారులు తక్కువ, అక్కరగలవారు ఎక్కువ. వృత్తివారిలో అనుభవజ్ఞులు దీనిని ఎరుగుదురు. వారు దానిని "పొడవైన తోక" అందురు. కాని బేరము కుదుర్చుకొను వేళ అమ్ముడుపోవునది "మొదటి స్థానము" అను మాట. మొదటి స్థానమునకు ఎవరును హామీ ఇవ్వజాలరని గూగుల్ తన మార్గదర్శకములలో స్పష్టముగా చెప్పుచున్నను, ముప్పది దినములలో మొదటి స్థానమను వాగ్దానములు ఆగలేదు.

తెలుగువారికి దీనిలో మరియొక చిక్కు కలదు. శామీర్‌పేటను కొందరు "షామీర్‌పేట" అని వ్రాయుదురు. ఆంగ్లములో వ్రాయునపుడు నడిమి అచ్చును ఒక అక్షరముతో వ్రాయువారు కొందరు, రెండింటితో వ్రాయువారు కొందరు. మేడ్చల్‌కు మేడ్చెల్ అనియు వాడుక కలదు. పైగా తెలుగుమాట ఒంటరిగా నిలువదు. మేడ్చల్‌లో, మేడ్చల్‌కు, మేడ్చల్‌నుండి, మేడ్చలువారు అని ప్రత్యయములు అంటుకొని మాట రూపము మారుచుండును. ఒక్క ఆంగ్లరూపమున్న చోట తెలుగులో ఇరువది రూపములున్నచో, మాటను దాని ప్రాతిపదికకు తెచ్చు విద్య యంత్రమునకు రావలెను. ఆ విద్య అభివృద్ధి చెందుచున్నది కాని ఆంగ్లమంత సులభము కాదు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానము లభించినను చాలకాలము పత్రికలు తమ తమ సొంత ఫాంట్లలో అచ్చువేసికొనుటచే ఆ సంపద యంత్రమునకు కనబడలేదు. నేటికిని ప్రకటనలను, ఉత్తర్వులను బొమ్మలుగా తీసి పెట్టు అలవాటు పోలేదు. మనుష్యుని కంటికి అది అక్షరము, యంత్రమునకు నల్లమచ్చలు. పోటీగల పదములలో వ్యాపారి గెలుచుటకు అతని నేర్పు ఒక్కటే కారణము కాదు. నిజమైన సమాచారము గలవారు దానిని చదువరాని రూపములో పెట్టుటయు ఒక కారణము. తెలుగు వికీపీడియాలో గ్రామములకు విడివిడిగా పుటలుండుట ఈ లోటును కొంత తీర్చినది. జీతము లేకుండ కొందరు చేసిన ఆ పని ఎన్ని ప్రశంసలకైనను అర్హము.

లంకెల జ్ఞాపకము మందమైనదని కూడ గుర్తింపవలెను. తెలంగాణలో వ్యవసాయభూముల రికార్డులకు 2020లో "ధరణి" వచ్చినది, 2025 ఏప్రిల్‌లో "భూభారతి" వచ్చినది. పాతపేరుతో వ్రాసిన పుటలకు అయిదేండ్ల లంకెలు పేరుకొనియుండగా కొత్తపేరు సున్న నుండి మొదలిడవలెను. పలుకుబడిని కొలుచు యంత్రము నిన్నటి నిజమునకు నేటి నిజముకంటె ఎక్కువ మార్కులు వేయుట ఇట్లు సంభవించును. రైతు ఏ పేరుతో వెదకునో ఊహింపుడు.

మేడ్చల్ పరిసరములు ఇంజనీరింగు కళాశాలలకును నిలయములు. ఎంసెట్ అని చిరకాలము పిలువబడి 2024 నుండి ఈఏపీసెట్ అయిన పరీక్ష వ్రాసిన విద్యార్థి కౌన్సెలింగులో కళాశాలలను తాను కోరిన వరుసలో పెట్టుకొనవలెను. తండ్రికి తెలియదు, అన్నలేడు. ఫోనులో "హైదరాబాదులో ఉత్తమ ఇంజనీరింగు కళాశాలలు" అని వెదకును. ఆ మాటకు గల పోటీ ఇంతంత కాదు. పై పంక్తులలో "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరములతో నున్నవి ప్రకటనలు. వాని స్థానము వేలములో చెల్లింతుమన్న సొమ్మునుబట్టియు, ప్రకటన యోగ్యతనుబట్టియు నిర్ణయమగును. వాని క్రింద "ఉత్తమ పది" జాబితాలు. ఎవరు, ఏ కొలతతో, ఎన్నడు ఎంచిరో వానిలో చాలవాటికి చెప్పు అలవాటు లేదు. 2016 నుండి ప్రతి యేట వెలువడు కేంద్రప్రభుత్వపు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. జాబితాకును విమర్శకులు లేకపోలేదు. కాని అది తన కొలతలను, వాని బరువులను బయటపెట్టును. తప్పు పట్టుటకు వీలున్న జాబితాకును, వీలులేని జాబితాకును గల భేదము విద్యార్థికి తెలియుట అవసరము. వెదకిన వరుసయే కోరిక వరుసగా మారినచో నాలుగేండ్ల చదువు ఒకరి ప్రకటన ఖర్చుపై నిలుచును.

ఈ వృత్తి అంతయు మాయ అనుట కూడ సరికాదు. పుట త్వరగా తెరుచుకొనునట్లు చేయుట, ఫోనులో చదువుటకు వీలుగా కూర్చుట, బొమ్మకు వివరణ వ్రాయుట, శీర్షికలో నున్నది లోపల ఉండునట్లు చూచుట మంచి పనులు. గ్రంథాలయములో కార్డు సరిగా వ్రాయుట వంటివి. అవి పాఠకునకును యంత్రమునకును సమానముగా ఉపకరించును. పాఠకుని తొలగించినను మిగులు పని ఏదియో అదియే అనుమానింపదగినది.

దోషములో శోధనసంస్థలకును భాగము కలదు. ప్రకటనలతో బ్రతుకు శోధనయంత్రము సహజముగానే ప్రకటనదారుల వైపు మొగ్గునని 1998 నాటి వ్యాసపు అనుబంధములో బ్రిన్, పేజ్‌లే హెచ్చరించిరి. రెండేండ్లకు, 2000 అక్టోబరులో, వారి సంస్థయే ప్రకటనల వ్యాపారమును ప్రారంభించినది. శోధన ఫలితములలో పక్షపాతము చూపినదని భారత కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించెను. విమానప్రయాణములను వెదకువారికి తన సొంత విభాగమును ముందుంచుట అందులో ఒక అంశము. 2024 ఆగస్టులో అమెరికా న్యాయస్థానమొకటి శోధనలో ఆ సంస్థ గుత్తాధిపత్యమును అక్రమముగా నిలుపుకొన్నదని తీర్పుచెప్పెను. తూకపురాళ్లను దాచిపెట్టుకొన్నవాడే అంగడిని కూడ నడుపుచున్నాడు. రాళ్లను బయటపెట్టినచో మోసగాండ్రు వానిని అరగదీయుదురని అతని వాదము. ఆ వాదములోను కొంత నిజము లేకపోలేదు. 2024 నుండి ఈ దేశములోను పది పంక్తులకు పైన యంత్రమే కూర్చిన సమాధానమొకటి కనబడుచున్నది. దానికి ముడిసరకు ఆ పుటలే. నకలు పుటలతో నింపిన సంచి నుండి తీసిన సారము ఎట్లుండునో ముందుముందు చూడవలసియున్నది.

స్థలము కొనదలచిన ఉద్యోగి ఇంకను ఫోను పట్టుకొనియే యున్నాడు. 2016 నాటి రెరా చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటును నమోదు చేయక ప్రకటింపరాదు. ప్రకటనలో రెరా వెబ్‌సైటు చిరునామా ఉండవలెను. తెలంగాణ రెరా వెబ్‌సైటులో నమోదు సంఖ్యను కొట్టినచో అమ్మువాని పేరు, సర్వే నంబర్లు, అనుమతి పత్రములు కనబడును. ఆ గడిలో వ్రాయవలసినది పోటీగల పదము కాదు, ఒక సంఖ్య. ఆ సంఖ్య ఒక లేఅవుటునకే చెందును, రెండవ ఫలితము రాదు.